అమెరికాలో పౌరహక్కుల నాయకుల పేరిట ఏటా ఒక రోజు: సాధించడం ఎలా, నిలబెట్టుకోవడం ఎలా

"మా సిటీలో ఫలానా నాయకుడి పేరిట ఏటా ఒక రోజు జరిపించాలని ఉంది. ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?" అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది ఇప్పటికే ఒకసారి మేయర్ చేతుల మీదుగా ప్రొక్లమేషన్ అందుకుని, ఫొటో దిగి, మరుసటి ఏడాది ఆ తేదీ ఎవరికీ గుర్తు లేకపోవడం చూసినవాళ్లే.

కాగితం తెచ్చుకోవడం తేలిక. మనం వెంటపడకపోయినా ఏటా తనంతట తాను వచ్చే రోజును సాధించడం వేరే పని. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి.

1. ఏ కాగితం కావాలో ముందు తేల్చుకోండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. "దినం ప్రకటించారు" అని మనం ఒకే మాటతో చెప్పేవి నిజానికి నాలుగు రకాలు.

ప్రొక్లమేషన్: మేయర్ లేదా గవర్నర్ సంతకం చేసే ప్రకటన. ఓటింగ్ ఉండదు. చాలా సిటీల్లో ఆన్‌లైన్ ఫారం నింపి, ముసాయిదా జతచేస్తే కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. కానీ మామూలుగా అది ఆ ఒక్క ఏడాదికే. వచ్చే ఏడాది మళ్లీ అర్జీ పెట్టుకోవాలి, కొత్తగా వచ్చిన మేయర్ ఇచ్చి తీరాలన్న రూలు కూడా లేదు.

రిజల్యూషన్: సిటీ కౌన్సిలో శాసనసభో ఓటు వేసి చేసే తీర్మానం. ప్రొక్లమేషన్ కన్నా బరువైనదే. అయినా ఎక్కువ సందర్భాల్లో ఇది ఒక అభిప్రాయం మాత్రమే. అందులో "ప్రతి సంవత్సరం" అని రాసి ఉంటేనే ప్రతి సంవత్సరం.

ఆర్డినెన్స్ లేదా చట్టం: సిటీ స్థాయిలో ఆర్డినెన్స్, స్టేట్ స్థాయిలో చట్టం. రద్దు చేసేదాకా పుస్తకంలో ఉంటుంది. జపనీస్ అమెరికన్ల నిర్బంధాన్ని ఎదిరించిన ఫ్రెడ్ కొరెమత్సు పేరిట కాలిఫోర్నియాలో ఉన్న దినం ఇలా వచ్చిందే. 2010లో ఏబీ 1775 అనే బిల్లు చట్టమైంది, 2011 జనవరి 30న మొదటిసారి ఆ రోజు జరిపారు.

సెలవు: ఆఫీసులు మూసి, జీతంతో ఇచ్చే రోజు. దీనికి డబ్బు ఖర్చవుతుంది, ఉద్యోగ ఒప్పందాలు మారాలి. అన్నింటికన్నా కష్టం.

ఈ తేడా ఎంత పని చేస్తుందో అరిజోనా చూపించింది. 1986లో అక్కడి గవర్నర్ బ్రూస్ బాబిట్ మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ దినాన్ని కేవలం తన ఉత్తర్వుతో ప్రకటించారు. 1987లో కొత్తగా వచ్చిన ఎవన్ మెకమ్, శాసనసభ చేయని సెలవు చెల్లదంటూ దాన్ని రద్దు చేసేశారు. ఒక సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోయింది.

నా సలహా ఇది: గురి మూడో రకం మీద పెట్టండి. మొదటి రకాన్ని మెట్టుగా వాడుకోండి. సెలవు జోలికి మొదట్లోనే వెళ్లకండి. కాలిఫోర్నియా విద్యాచట్టంలో "ప్రత్యేక ప్రాధాన్యం ఉన్న రోజులు" అనే వర్గం ఉంది. స్కూళ్లు మూయరు, ఆ రోజు ఆ నాయకుడి గురించి పాఠాలు, కార్యక్రమాలు పెట్టమని స్కూళ్లను ప్రోత్సహిస్తారు. నిజం చెప్పాలంటే పిల్లలు ఇంట్లో పడుకునే సెలవుకన్నా ఇదే మేలు.

2. ఏ గుమ్మం ఎక్కాలి?

స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్, కౌంటీ, స్టేట్ శాసనసభ. పాఠాలే మీ లక్ష్యమైతే స్కూల్ బోర్డుతో మొదలుపెట్టండి. లేకపోతే సిటీతో. రెండు మూడు సిటీల తీర్మానాలు చేతిలో పెట్టుకుని స్టేట్ శాసనసభ్యుడి దగ్గరకు వెళ్తే మాట తీరే మారిపోతుంది.

చాలామంది నేరుగా కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాస్తారు. కాంగ్రెస్ దిగువ సభలో 1995 నుంచి ఒక నిబంధన ఉంది: ఫలానా తేదీని స్మారక దినంగా గుర్తించే బిల్లులను అక్కడ ప్రవేశపెట్టకూడదు. సెనేట్‌లో తీర్మానాలు వస్తుంటాయి, అవి కూడా ఎక్కువగా ఆ ఏడాదికే. కాబట్టి వాషింగ్టన్ సంగతి ఇప్పట్లో మరిచిపోండి.

3. వ్యక్తి గురించి ఫైలు తయారు చేయండి

కౌన్సిల్ మెంబర్ సహాయకుడు మీ ఫైలు చదవడానికి కేటాయించేది ఐదు నిమిషాలు అనుకోండి. మొదటి పేజీలోనే కథ మొత్తం తెలియాలి. కొరెమత్సు విషయంలో ఆ పేజీ మూడు తేదీలతో నడుస్తుంది. జపనీస్ అమెరికన్లను నిర్బంధ శిబిరాలకు తరలిస్తున్నప్పుడు వెళ్లడానికి నిరాకరించి 1942లో అరెస్టయ్యారు. 1944లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. 1983లో ఫెడరల్ కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఇంతకన్నా వర్ణన అక్కర్లేదు. "మహోన్నతుడు", "యుగపురుషుడు" లాంటి మాటలు ఎన్ని తగ్గిస్తే ఫైలు అంత బలంగా ఉంటుంది.

ఫైల్లో ఉండాల్సినవి:

☐ పుట్టిన తేదీ, మరణించిన తేదీ, వాటికి ఆధారం
☐ పోరాటంలో మూడు నాలుగు ముఖ్య ఘట్టాలు, కేసు ఉంటే తీర్పు ప్రతి
☐ మీ సిటీతోనో స్టేట్‌తోనో ఆ వ్యక్తికి ఉన్న సంబంధం
☐ ఇతర సిటీలు, స్టేట్‌లు ఇప్పటికే ఇచ్చిన గుర్తింపుల ప్రతులు
☐ కుటుంబం లేదా వారి ఫౌండేషన్ నుంచి సమ్మతి లేఖ
☐ ఆ వ్యక్తి మీద ఉన్న విమర్శలు, వాటికి మీ జవాబు

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. వ్యతిరేకించేవాళ్లు ముందు వెతికేది దాన్నే. మీటింగ్‌లో మొదటిసారి వినడం కన్నా ఇంట్లో కూర్చుని మీరే తవ్వుకోవడం మంచిది. తవ్వినప్పుడు జవాబు లేని విషయం బయటపడితే, ఇంకొకరి పేరు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

కుటుంబం సమ్మతి మర్యాద కోసమే కాదు. డాక్టర్ కింగ్ ప్రసంగాలు, రూపం మీద హక్కులను ఆయన వారసుల సంస్థ గట్టిగా కాపాడుకుంటుంది. పోస్టర్ మీద ఫొటో, వేదిక మీద ప్రసంగం ఆడియో వాడే ముందు అనుమతి సంగతి చూసుకోండి.

4. తేదీ

మూడు దారులున్నాయి: పుట్టినరోజు, మరణించిన రోజు, పోరాట ఘట్టం జరిగిన రోజు. రోసా పార్క్స్ దినాన్ని కాలిఫోర్నియా ఆమె పుట్టినరోజు ఫిబ్రవరి 4న పెట్టుకుంది. ఒహాయో, ఒరెగన్ మాత్రం ఆమె బస్సులో సీటు ఇవ్వనని అరెస్టయిన డిసెంబరు 1ని ఎంచుకున్నాయి. రెండూ సరైనవే. కాకపోతే ఒకే స్టేట్‌లో రెండు సిటీలు రెండు తేదీలు పెట్టుకుంటే ఆ తర్వాత స్టేట్ చట్టం దగ్గర తలనొప్పి. పక్క సిటీవాళ్లను ముందే కనుక్కోండి.

తేదీ ఖాయం చేసే ముందు:

☐ ఆ రోజుల్లో స్కూళ్లు నడుస్తాయా? వేసవి సెలవుల్లో పడితే పాఠాల ఆశ వదులుకోవాల్సిందే.
☐ అదే రోజు ఇంకో వర్గంవారి పండుగో స్మారకమో ఉందా?
☐ శని, ఆదివారాల్లో పడితే ఏ రోజు జరపాలి? ఇది ముసాయిదాలోనే రాయాలి.

5. పేరును పలచన కానివ్వకండి

"ఆయన పేరెందుకు, మానవ హక్కుల దినం అందాం, అందరూ ఒప్పుకుంటారు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. యూటాలో కింగ్ దినాన్ని 2000 దాకా అలాగే మానవ హక్కుల దినం అని పిలిచారు. న్యూ హ్యాంప్‌షైర్ 1999 దాకా పౌరహక్కుల దినం అంది. వర్జీనియా ఇంకా విచిత్రం: బానిసత్వాన్ని నిలపడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సేనానులు లీ, జాక్సన్‌లతో కలిపి లీ జాక్సన్ కింగ్ దినం అని పెట్టి, 2000లో గానీ విడదీయలేదు.

రాజీ పడక తప్పకపోతే అసలు పేరు ఉంచి, వెనకాల ఒక మాట చేర్చండి. కొరెమత్సు దినం పూర్తి పేరు అలాంటిదే: "ఫ్రెడ్ కొరెమత్సు పౌర స్వేచ్ఛల, రాజ్యాంగ దినం". పేరు ఉంది, ఆశయమూ ఉంది.

6. మనుషుల్ని కూడగట్టుకోండి

మన అసోసియేషన్ మెంబర్లు మాత్రమే నిండిన గది కౌన్సిల్‌కు "ఇది ఒక వర్గం కోరిక" అనిపిస్తుంది. టీచర్లు, లాయర్లు, లైబ్రరీవాళ్లు, ఇతర వర్గాల సంఘాలు, పాత పౌరహక్కుల సంస్థలు కలవాలి. మీరు గౌరవించాలనుకునే నాయకుడు మరో వర్గానికి చెందినవారైతే ముందు ఆ వర్గంవారి ఇంటికి వెళ్లి అడగండి. వాళ్లు ముందు నడవాలి, మనం పక్కన నడవాలి.

మనవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వీసా సంగతి. క్లుప్తంగా:

☐ ప్రజాప్రతినిధికి ఉత్తరం రాయడానికి, పబ్లిక్ కామెంట్‌లో (మీటింగ్‌లో ప్రజలు మాట్లాడేందుకు ఇచ్చే సమయంలో) మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవారూ మాట్లాడొచ్చు.
☐ ఎన్నికల ప్రచారానికి చందా ఇవ్వడం మాత్రం హెచ్1బీవారికి నిషిద్ధం. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వొచ్చు. అయినా ఈ పనికి, చందాకు ముడిపెట్టకండి, ఎవరికీ మంచిది కాదు.
☐ ప్రజా ఓటింగ్‌కు పెట్టే అధికారిక పిటిషన్ మీద నమోదైన ఓటర్లే సంతకం చేయాలి. మామూలు వినతిపత్రానికి ఆ నియమం లేదు.

మీ సంఘం 501(సీ)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ అయితే ఇంకో జాగ్రత్త. చట్టం చేయమని అడగడం లాబీయింగ్ కిందికి వస్తుంది. అది నిషేధం కాదు, పరిమితి ఉంది. ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫారం 5768 దాఖలు చేస్తే ఆ పరిమితి డాలర్లలో స్పష్టంగా లెక్క తేలుతుంది. అభ్యర్థులను బలపరచడం మాత్రం పూర్తిగా నిషేధం. బిల్లు పెట్టిన సభ్యుడి మీద అభిమానంతో సంఘం పేజీలో "ఆయనకే ఓటేయండి" అని పెట్టారో, సంఘానికే ముప్పు.

ఆన్‌లైన్ సంతకాల గురించి ఒక మాట. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వేల సంతకాలకన్నా, ఆ కౌన్సిల్ మెంబర్ వార్డులో అడ్రసు ఉన్న వంద సంతకాలు బరువైనవి. పిన్‌కోడ్ కాలమ్ తప్పకుండా పెట్టండి.

7. ముసాయిదా మీరే రాయండి

"వాళ్లే రాసుకుంటారులే" అనుకోవద్దు. ఆఫీసులో ఎవరికీ తీరిక ఉండదు. సిద్ధంగా ఉన్న ముసాయిదా త్వరగా కదులుతుంది, పైగా అందులో మీ మాటలే ఉంటాయి.

రెండు భాగాలుంటాయి. మొదటిది "వేర్‌యాజ్" అంటూ మొదలయ్యే పేరాలు, అంటే కారణాలు. రెండోది "రిజాల్వ్‌డ్" భాగం, అంటే ఆదేశం. మనవాళ్ల ముసాయిదాల్లో మొదటి భాగం రెండు పేజీలు, రెండో భాగం ఒక వాక్యం ఉంటుంది. తిరగేయండి. కారణాలు ఐదారు పేరాలు చాలు. బలమంతా ఆదేశంలో ఉండాలి.

ఆదేశంలో నాలుగింటికి జవాబుండాలి: ఎప్పుడు, ఎవరు, ఏం చేయాలి, శనాదివారాలైతే ఏమిటి. ఉదాహరణకు, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ఆసియన్ అమెరికన్ దలీప్ సింగ్ సౌంద్ పేరిట రోజు కోరుతున్నారనుకుందాం. భారతీయులకు ఇక్కడ పౌరసత్వం దక్కని కాలంలో దాని కోసం పనిచేసినవారిలో ఆయనొకరు. ఇంగ్లీషులో రాయాల్సిన దాని సారాంశం ఇలా ఉండాలి:

"2026 నుంచి మొదలుకొని ప్రతి సంవత్సరం సెప్టెంబరు 20ని ఈ సిటీ దలీప్ సింగ్ సౌంద్ దినంగా పాటిస్తుంది. సిటీ క్లర్క్ ఈ తేదీని సిటీ అధికారిక క్యాలెండర్‌లో ఏటా చేర్చాలి. పబ్లిక్ లైబ్రరీ ఆ వారంలో కనీసం ఒక కార్యక్రమం నిర్వహించాలి. ఆ తేదీ శనివారం లేదా ఆదివారమైతే, కార్యక్రమం దానికి ముందు శుక్రవారం జరగాలి. ఈ రోజున సిటీ కార్యాలయాలు యథావిధిగా పనిచేస్తాయి."

చివరి వాక్యం చిన్నదే గానీ సగం వ్యతిరేకత దానితోనే పోతుంది. ఖర్చు లేదని చెబుతోంది కదా.

ముసాయిదా పంపే ముందు చూసుకోండి:

☐ "ప్రతి సంవత్సరం" అన్న మాట ఆదేశ భాగంలోనే ఉందా? కారణాల్లో ఉంటే లాభం లేదు.
☐ పని చేయాల్సినవారి హోదా రాశారా? "సిటీ తగిన చర్యలు తీసుకుంటుంది" అంటే ఎవరూ తీసుకోరు.
☐ పేర్ల స్పెల్లింగులు, తేదీలు ఇద్దరు వేర్వేరుగా సరిచూశారా?
☐ లైబ్రరీవాళ్లతో, స్కూల్‌వాళ్లతో ముందే మాట్లాడారా? వాళ్లకు తెలియకుండా వాళ్ల నెత్తిన పని పెడితే వాళ్లే అడ్డం పడతారు.

8. ఎప్పుడు అడగాలి?

సిటీ తీర్మానానికి మీ తేదీకి కనీసం నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టండి. స్టేట్ చట్టానికి అక్కడి సభ క్యాలెండరే మీ క్యాలెండర్. టెక్సాస్ శాసనసభ సాధారణంగా బేసి సంవత్సరాల్లో మాత్రమే, 140 రోజులు కూర్చుంటుంది. ఆ కిటికీ తప్పితే రెండేళ్లు ఆగాలి. కాలిఫోర్నియాలో కొత్త బిల్లులు పెట్టే గడువు ఫిబ్రవరిలో ముగుస్తుంది, గవర్నర్ సంతకాలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే శాసనసభ్యుడిని కలవాల్సింది అంతకుముందు శరదృతువులోనే.

బిల్లు పెట్టే సభ్యుడిని ఎంచుకునేటప్పుడు పేరున్నవారికన్నా, ఆ బిల్లు వెళ్లే కమిటీలో ఉన్నవారు మేలు. రెండో పార్టీ నుంచి ఒక్కరైనా సహ ప్రతిపాదకులుగా ఉంటే ఇంకా మేలు.

9. మీటింగ్ రోజు

అజెండా ముందే బయటపెడతారు. కాలిఫోర్నియాలో రెగ్యులర్ మీటింగ్‌కు 72 గంటల ముందు పెట్టాలని చట్టమే ఉంది. మీ అంశం ఎక్కడుందో చూడండి. "కన్సెంట్ క్యాలెండర్"లో ఉంటే అభ్యంతరం లేని అంశాలన్నీ ఒకే ఓటుతో పాసైపోతాయి. అలాంటప్పుడు ఇరవై మందిని మాట్లాడించడం అనవసరం, ఒక్కోసారి నష్టం కూడా. గెలిచిన ఆటను మళ్లీ ఆడినట్టే.

విడిగా చర్చకు వస్తే మాత్రం:

☐ ఒక్కొక్కరికి మామూలుగా రెండు మూడు నిమిషాలే. రాసుకుని, గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి.
☐ ఒకరు కథ, ఒకరు పాఠాలు, ఒకరు ఖర్చు లేదన్న సంగతి. అందరూ ఒకే మాట చెప్పొద్దు.
☐ ఒక టీచర్, ఒక హైస్కూల్ విద్యార్థి తప్పనిసరి.
☐ సన్మానాలు, శాలువాలు ఓటింగ్ అయ్యాకే, అదీ బయట.

10. అడ్డంకులు, వాటికి విరుగుడు

"ఖర్చు ఎక్కువ." కింగ్ సెలవు బిల్లు 1979లో దిగువ సభలో మూడింట రెండొంతుల ఆధిక్యానికి ఐదు ఓట్ల దూరంలో ఆగిపోవడానికి ఈ మాట కూడా కారణం. 1983లో సెలవును ఆయన పుట్టినరోజు జనవరి 15కు బదులు జనవరి మూడో సోమవారానికి మార్చి మళ్లీ తెచ్చారు. దిగువ సభలో 338-90, సెనేట్‌లో 78-22తో నెగ్గింది. మీరు సెలవు అడగడం లేదు కాబట్టి ఒక్క వాక్యంతో తేల్చేయండి.

"ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి." దీనికి జవాబు మీ ఫైల్లోని స్థానిక సంబంధమే. అది లేకపోతే ఈ ప్రశ్న దగ్గర నిలబడలేరు.

వీటో. స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పోరాడిన హార్వీ మిల్క్ పేరిట దినం కోరిన బిల్లును 2008లో కాలిఫోర్నియా గవర్నర్ స్క్వార్జెనెగర్ ఇది స్థానికంగా జరుపుకోవాల్సిందంటూ తిప్పి పంపారు. 2009లో అదే సభ్యుడు మళ్లీ పెట్టారు. ఆ మధ్యలో మిల్క్‌కు దేశ అత్యున్నత పౌర పురస్కారాల్లో ఒకటైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ దక్కింది. ఈసారి అదే గవర్నర్ సంతకం పెట్టారు. వీటో లేఖలో రాసిన కారణాన్ని జాగ్రత్తగా చదవండి. తర్వాతి ఏడాది మీరు జవాబు చెప్పాల్సింది దానికే.

మీలో మీకే చీలిక. అరిజోనాలో 1990లో కింగ్ దినం మీద రెండు వేర్వేరు ప్రతిపాదనలు ప్రజల ఓటుకు వచ్చాయి. ఒకటి కొలంబస్ దినాన్ని తీసేసి దాని స్థానంలో పెట్టేది. ఓట్లు చీలి రెండూ ఓడాయి. ఆ దెబ్బకు 1993 సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ కూడా ఆ స్టేట్ నుంచి తరలిపోయింది. 1992లో ఒకే ప్రతిపాదన పెట్టినప్పుడు గెలిచింది. కాబట్టి రెండు సంఘాలు రెండు ముసాయిదాలు పంపొద్దు. ఇంకొకరి రోజు తీసేసి మీకు ఇవ్వమనీ అడగొద్దు.

11. పాసయ్యాక చేయాల్సినవి

మొదటి ఏడాది జనం బాగానే వస్తారు. పరీక్ష రెండో ఏడాదిది. కింగ్ సెలవు 1986లో మొదలైతే, 1994లో కాంగ్రెస్ దాన్ని సేవాదినంగా కూడా చేసింది. అంతవరకూ చాలామందికి అది లాంగ్ వీకెండ్. చేయడానికి ఒక పని ఉన్న రోజే నిలుస్తుందని నా నమ్మకం. ఫ్రెడ్ కొరెమత్సు పేరిట ఉన్న సంస్థ టీచర్లకు ఉచితంగా పాఠాల సామగ్రి ఇస్తుంది. ఆ దినం క్లాస్‌రూముల దాకా వెళ్లిందంటే అది పెద్ద కారణం.

ఏటా చేయాల్సిన పనుల వరస:

☐ పాసైన వారంలో: సిటీ క్లర్క్ ధ్రువీకరించిన ప్రతి తీసుకుని, స్కాన్ చేసి ముగ్గురి దగ్గర ఉంచండి.
☐ ఎనిమిది నెలల ముందు: స్కూల్ డిస్ట్రిక్ట్ వచ్చే ఏడాది క్యాలెండర్ తయారు చేస్తున్నప్పుడు తేదీ చేరిందో లేదో చూడండి. చేర్చకపోతే అప్పుడే అడగాలి, అచ్చయ్యాక కాదు.
☐ నాలుగు నెలల ముందు: లైబ్రరీ హాలు బుక్ చేయండి.
☐ రెండు నెలల ముందు: టీచర్లకు ఒక పీరియడ్‌లో అయిపోయే పాఠం పంపండి. నలభై పేజీల పుస్తకం ఎవరూ తెరవరు.
☐ నెల ముందు: కొత్తగా ఎన్నికైన కౌన్సిల్ మెంబర్లను ఆహ్వానించండి. తీర్మానం ప్రతి కూడా జతచేయండి, వాళ్లలో చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.
☐ మరుసటి వారం: ఎంతమంది వచ్చారు, ఎన్ని క్లాసుల్లో పాఠం జరిగింది, ఒక పేజీలో రాసి క్లర్క్‌కూ స్కూల్ బోర్డుకూ పంపండి. వచ్చే ఏడాది ఈ పనులు చూసుకునే మనిషి పేరు అందులోనే రాయండి.